మీ గుమ్మం ఎన్ని లక్షలకు మునుగుతుంది?

మా పెరట్లో నూతి పక్కన ఒక ముసలి కొబ్బరిచెట్టు ఉంది. దాని మొద్దుకి మూడు గాట్లు ఉంటాయి. అన్నిటికంటే పైది 1986 ఆగస్టులో మా అత్తగారు కత్తితో పెట్టింది. నేను చెయ్యి పైకి చాపితే వేళ్లు అందే ఎత్తు. దాని కింద, నా గుండెల ఎత్తున 2006ది. దానికి రెండు జానల కింద 2022ది. కొబ్బరిచెట్టు మొవ్వు దగ్గరే పెరుగుతుంది కాబట్టి మొద్దు మీద గాటు ఎన్నేళ్లయినా పెట్టినచోటే ఉంటుంది. వరద గురించి నాకు తెలిసిందంతా ఆ చెట్టు దగ్గరే మొదలైంది.

మాది కోనసీమలో పి.గన్నవరం వైపు, గోదావరి వైనతేయ పాయ పక్కన లంక, అంటే చుట్టూ ఏరున్న నేల. అంగన్‌వాడీ టీచరుగా చేస్తున్నాను. వైశాఖంలో పెళ్లయి కాపురానికి వస్తే శ్రావణంలో ఆ పెద్ద వరద వచ్చింది. అప్పట్నించి ఏటా ఎర్రనీరు (వరద నీరు) వస్తుందంటే ఇంట్లో ఏం చెయ్యాలో మా అత్తగారు చెప్పినవి, నేను తప్పు చేసి నేర్చుకున్నవి, సెంటరుకి వచ్చే తల్లులకి చెప్పేవి ఇక్కడ రాస్తున్నాను. లంకల్లో ఉన్నవాళ్లకి, గట్టు లోపల ఇల్లు కట్టుకున్నవాళ్లకి, గట్టు అవతల ఉన్నాం కదా అని ధీమాగా ఉన్నవాళ్లకి కూడా ఇవి అవసరం.

ముందు మీ నంబరు తెలుసుకోండి

టీవీలో "మొదటి ప్రమాద హెచ్చరిక" అని చదవగానే ఒకరు ఊరికే కంగారు పడతారు, ఇంకొకరు ఏటా వినేదేగా అని పడుకుంటారు. ఆ హెచ్చరిక ధవళేశ్వరం దగ్గర నీటిని బట్టి ఇచ్చేది. అక్కడి కాటన్ బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు) మొదటిది, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. అడుగుల్లో 11.75, 13.75, 17.75. మీ గుమ్మం ఎక్కడుందో ఆ లెక్కకి తెలియదు. అది మీరే కట్టుకోవాలి.

మా ఇంటి లెక్క ఇది. ధవళేశ్వరంలో ఏడెనిమిది లక్షలు ఉండగానే మా కాజ్‌వే (పాయ దాటి లంకకి వచ్చే పల్లపు రోడ్డు) మీదకి నీరు ఎక్కుతుంది, అంటే హెచ్చరిక రాకముందే మాకు రోడ్డు పోతుంది. 15 దగ్గర పశువుల పాకలోకి వస్తుంది. 18 అయితే వాకిట్లోకి. 24 దాటితే గుమ్మం ఎక్కుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షలు దాటింది, మా ఇంట్లో జానెడు నిలిచింది. 2006లో 28 లక్షల పైమాటే, అప్పుడు మోకాలు దాటింది. 1986లో 35 లక్షలు. అప్పటి మట్టిగోడల పెంకుటిల్లు ఇక మిగల్లేదు. ఇప్పుడున్న ఇల్లు తర్వాత రెండడుగుల అరుగు ఎత్తి కట్టుకున్నది.

మీ ఇంటికి ఇలాంటి లెక్క లేకపోతే ఈ ఎండాకాలంలోనే కట్టండి. మేస్త్రీలు అరుగు మట్టం చూసుకోడానికి నీళ్లు నింపిన సన్నటి పారదర్శకపు గొట్టం వాడతారు చూశారా, లెవెల్ పైపు. అది అరువు తెచ్చుకోండి. మీ కాజ్‌వే కంటే, లేదా ఊళ్లో అన్నిటికంటే ముందు మునిగే రోడ్డు కంటే, మీ గుమ్మం ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో ఆ పైపుతో అంచెలంచెలుగా కొలుచుకుంటూ రండి. మేస్త్రీ తోడుంటే ఒక పూట పని. మూడడుగులు తేడా వస్తే, కాజ్‌వే మునిగాక ఇంకా మూడడుగులు పెరిగితేనే మీ గుమ్మానికి వస్తుందన్నమాట. ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే 2006లో ఎక్కడిదాకా వచ్చిందో వేలు పెట్టి చూపిస్తారు. ఇళ్ల గోడల మీద, గుడి మండపం స్తంభాల మీద పాత మరకలుంటాయి. అవన్నీ రాసుకోండి.

ఈ లెక్కని మరీ గట్టిగా పట్టుకోవద్దు. అన్నే లక్షలు వచ్చినా అదే ఎత్తుకి రావాలని లేదు. అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం పోటు ఎక్కువ. అప్పుడు నది నీటిని సముద్రం సరిగా తీసుకోదు, పాయలన్నీ ఎగదన్నుకుని నిలబడతాయి. 2022లో జులై 13న పౌర్ణమి, ఆ తర్వాత మూడు నాలుగు రోజులకే పెద్ద ప్రవాహం. కింద అంతర్వేది వైపు ఉన్నవాళ్లకి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. ఎక్కడైనా గట్టుకి గండి పడినా, పాయలో ఇసక మేట వేసినా లెక్క మారిపోతుంది. అందుకే మీ నంబరు మీద ఒక అడుగు తగ్గించుకుని, దాన్నే మీ గుమ్మం అనుకోండి.

ఇంకో మాట. "గేట్లు ఎత్తేశారంట, అందుకే మునిగాం" అని మా ఊళ్లో ప్రతి వరదకీ అంటారు. ధవళేశ్వరం బ్యారేజీ నీరు దాచుకునే పెద్ద జలాశయం కాదు. నాలుగు ముక్కల్లో కలిపి 175 గేట్లున్నాయి, అది పట్టేది మూడు టీఎంసీల లోపే (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు). 10 లక్షల క్యూసెక్కులు వస్తుంటే ఒక టీఎంసీ నీరు పదిహేడు నిమిషాల్లో వచ్చేస్తుంది. అంటే బ్యారేజీ పట్టేదంతా గంటలోపు. వచ్చింది వచ్చినట్టు వదలడం తప్ప వేరే దారి లేదు. అందుకని గేట్ల కబురు కోసం ఎదురు చూడొద్దు, ఎగువన ఏముందో చూడండి.

ఎగువన అంటే మొదట భద్రాచలం. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టు 16న అక్కడ 75.6 అడుగులు, 2022 జులై 16న 71.3. అక్కడి నీరు ధవళేశ్వరం చేరడానికి రోజు అటూ ఇటూ పడుతుంది, అక్కణ్నించి మా లంకకి రావడానికి ఇంకో ఆరేడు గంటలని మా లెక్క. కానీ భద్రాచలం ఒక్కటే చూస్తే మోసపోతాం. శబరి కలిసేది దానికి దిగువన, కూనవరం దగ్గర. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు వానలు కురిసి శబరి పొంగితే ఆ నీరు భద్రాచలం అడుగుల్లో కనిపించదు. కూనవరం, పోలవరం మట్టాలు కూడా చెప్తారు, అవీ వినండి. భద్రాచలంలో తగ్గుముఖం పట్టిందని వినగానే మంచాలు దింపేసేవాళ్లున్నారు. అక్కడ తగ్గడం మొదలైన రోజే మనకి పెరిగే రోజు.

ఎర్రనీరు రాకముందు

జూన్‌లో చేసే పనులు చప్పగా ఉంటాయి, అందుకే అందరూ వాయిదా వేస్తారు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల మార్కుల జాబితాలు, ఆసుపత్రి కాగితాలు అన్నిటినీ ఫోనులో ఫొటో తీసి ఊరవతల ఉన్న బంధువు ఒకరికి పంపండి. అసలువి రెండు కవర్లలో వేసి, మూతి మడిచి, కొవ్వొత్తి వేడితో అంటించండి. ఆ కవరుకి ఒక చిన్న సంచి ఉండాలి, ఆ సంచి ఎక్కడ ఉంటుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

పశువులకి గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలు పడకముందే వేయించాలి. ముంపులో మేసి, బురదలో నిలబడ్డాక ఆ జబ్బులు ఒక్క రోజు కూడా టైమివ్వవు.

ఇక సామాను. మేం ఇంట్లో మూడు వారాల మందులు, మూడు రోజుల తిండి విడిగా పెడతాం. అటుకులు, మరమరాలు, బెల్లం, వేయించిన వేరుశనగ గుళ్లు, ఉప్పు, పంచదార, చింతకాయ పచ్చడి. చిన్నపిల్లలుంటే అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి. ఇవన్నీ మూత బిగుసుకునే ప్లాస్టిక్ డ్రమ్ములో. బీపీ, సుగర్ బిళ్లలు వాడేవాళ్లు చీటీ కూడా అందులోనే పెట్టుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లుంటే కరెంటు పోయినప్పుడు దాన్ని ఎలా కాపాడుకోవాలో డాక్టరుని ముందే అడగండి. మా తోడికోడలు తడిగుడ్డ చుట్టిన కొత్త కుండలో, నీళ్లు తగలకుండా గిన్నెలో పెట్టి నీడలో ఉంచుతుంది. టార్చి, అగ్గిపెట్టెలు, ఫోను చార్జి పెట్టుకునే పవర్ బ్యాంకు, ఈల, ముప్ఫై మూరల నైలాను తాడు. ఈల ఎందుకంటే రాత్రి నీటి హోరులో మనిషి కేక వినపడదు, ఈల వినపడుతుంది.

భద్రాచలంలో 43 అన్నప్పుడు

ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలు తగ్గి పని పెరుగుతుంది. మొట్టమొదట చేసేది మనుషుల లెక్క. ఎనిమిదో నెల దాటిన గర్భిణులు, పచ్చి బాలింతలు, మంచం మీద ఉన్న పెద్దవాళ్లు, కాజ్‌వే మునగకముందే లంక దాటిపోవాలి. నేను సెంటరు రిజిస్టరు తీసి ఇంటింటికీ తిరిగి చెప్తాను. "నొప్పులు ఇంకా రాలేదు కదమ్మా టీచరమ్మా" అంటారు. 2022లో ఒక పిల్లని ఇలాగే ఇంట్లో ఉంచేశారు. తెల్లవారుజామున నొప్పులొస్తే పడవ మీద, వానలో, చీర అడ్డం పట్టి గట్టుకి తెచ్చాం. అక్కణ్నించి 108లో పంపాం. తల్లీబిడ్డా క్షేమంగానే బయటపడ్డారు. కానీ పడవలో ఆ పిల్ల నా చెయ్యి ఎలా పట్టుకుందో నేను మర్చిపోలేను. ఏ అత్తగారైనా ఇది చదువుతుంటే ఒక్కటే అడుగుతున్నాను తల్లీ, కోడల్ని నాలుగు రోజులు ముందే పుట్టింటికో ఆసుపత్రి ఉన్న ఊరికో పంపండి.

తర్వాత సామాను ఎత్తడం. అందరూ టీవీ, ఫ్రిజ్‌తో మొదలుపెడతారు. మేం విత్తనాలు, పుస్తకాలు, బియ్యంతో మొదలుపెడతాం. డబ్బు పెట్టి మళ్లీ కొనలేనివి ముందు, ఆకలి తీర్చేవి తర్వాత, మిగతావి ఓపికుంటే. అటక మీద ఎంత బరువు మోస్తుందో చూసుకుని పెట్టండి. పాత కర్ర అటకల మీద నాలుగు బస్తాలు ఎక్కిస్తే నీళ్లకంటే ముందు అవే ఇల్లు కూలుస్తాయి. మంచం కాళ్ల కింద సిమెంటు ఇటుకలు రెండేసి వరసలు పెట్టి, మంచాన్ని కిటికీ ఊచలకి కట్టండి. బీరువా కింది అర ఖాళీ చేసి తలుపు తాళం వెయ్యకుండా ఉంచండి, తడిసి బిగుసుకుపోతే తర్వాత గునపం పట్టాల్సి వస్తుంది. నూతి మోటారు విప్పి పైకెత్తడం మర్చిపోతారు. ఒక్కసారి బురద నీరు తాగిందంటే వైండింగు మళ్లీ చేయించాల్సిందే.

గ్యాస్ బండ గురించి విడిగా చెప్పాలి. నిండు బండ బరువు, మునిగిపోతుందిలే అనుకుంటాం. గ్యాసు 14.2 కేజీలు, ఇనుము పదిహేను పదహారు కేజీలు, మొత్తం ముప్ఫై. ఆ బండ లోపల పట్టే నీరే 33 లీటర్లు. కాబట్టి నిండుది కూడా తేలుతుంది, ఖాళీది మరీను. తేలి గొట్టాన్ని లాగేసి లీకవుతుంది. రెగ్యులేటరు తీసి, మూత బిగించి, నిలువుగా నిలబెట్టి గోడ కొక్కేనికో స్తంభానికో కట్టండి. ఫ్రిజ్ కూడా తలుపు మూసి ఉంటే తేలి బోర్లా పడుతుంది.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ చెప్పరు. నీరు పెరిగితే సెప్టిక్ ట్యాంకు వెనక్కి తన్ని బేసిన్‌లోంచి ఇంట్లోకి వస్తుంది. ఎరువుల సంచిలో సగం ఇసక పోసి, కవరులో పెట్టి, బేసిన్ మీద గట్టిగా అదిమిపెట్టండి. బాత్‌రూము నీరు పోయే కన్నానికి కూడా అలాగే.

మెయిన్ స్విచ్ మాత్రం నీరు వాకిట్లో ఉండగానే ఆపెయ్యాలి, కాళ్లు పొడిగా ఉండగానే. నీళ్లలో నిలబడి స్విచ్ ముట్టుకోవద్దు. తెగిన తీగ కనపడితే, స్తంభం వాలితే దగ్గరికి పోకుండా 1912కి చెప్పండి.

పశువులు

మా ఆయన పశువుల దగ్గర మాత్రం నా మాట వినరు, నేనూ వాదించను, ఆ విషయంలో ఆయనదే సరైన మాట. పాకలోకి నీరు రాకముందే, వెలుతురుండగా ఏటిగట్టు మీదకి తోలుతారు. ఈనబోయే గేదెలు ముందు. ఎండుగడ్డి మోపులు ముందు రోజే ట్రాక్టరు మీద చేరవేసి, పైన పరదా కప్పుతారు. తోలుకెళ్లడానికి వీలు లేకపోతే పలుపులు విప్పేయండి, పాక తడిక కూడా తీసేయండి. గేదె ఈదుతుంది. కట్టేసిన గేదె ఈదలేదు. 1986లో మా మామగారు చీకట్లో పలుపు విప్పడానికి చేతికందక కొడవలితో కోశారట. అందుకే ఇప్పటికీ మా పాకలో చూరుకి ఒక కొడవలి గుచ్చి ఉంటుంది, దాన్ని వేరే పనికి ఎవరూ తియ్యరు.

పశువులకి జబ్బు చేస్తే 1962కి ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది.

ఎప్పుడు కదలాలి

వాకిలి అంచున ఒక కర్ర పాతి, దానికి అంగుళాల గీతలు పెట్టండి. గంటకోసారి చూసి కాగితం మీద రాయండి. గంటకి ఒక అంగుళం పెరిగితే ఒక సంగతి, మూడు అంగుళాలు పెరిగితే ఇంకో సంగతి. పగలు మూడు గంటల వేళకి లెక్క వేసుకోవాలి. తెల్లారేలోపు గుమ్మం ఎక్కే సూచన ఉంటే, దీపాలు పెట్టే వేళకి ముందే ఇల్లు కదలాలి. రాత్రి చూద్దాంలే అనుకున్న ఇళ్లవాళ్లనే పడవలవాళ్లు అర్ధరాత్రి ఎత్తుకొచ్చింది నేను చూశాను. ఆ పడవ నడిపేవాడికీ పెళ్లాం పిల్లలుంటారు.

కాజ్‌వే మీద పారే నీటిని నమ్మొద్దు. పారే నీరు అరడుగు ఉన్నా మనిషి కాలు నిలవనివ్వదు. రెండడుగులు ఉంటే కారునే తోసేస్తుంది. కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో ఎర్రనీటిలో కనపడదు. బైకు మీద "రోజూ పోయే దారేగా" అనేవాళ్లకి నేను ఒకటే చెప్తాను, దారి రోజూ ఉండేదే, నీళ్లు మాత్రం రోజూ ఉండేవి కావు.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకుని, పట్టీలు బిగించి కట్టుకోవాలి. ఒడిలో పెట్టుకుంటే అది దిండుతో సమానం. 2018 జులైలో పశువుల్లంక దగ్గర బడి పిల్లలున్న పడవ బోల్తా పడింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండలకి వెళ్లే పడవ మునిగింది. రెండూ మన గోదారిలోనే. జనం ఎక్కువైతే తర్వాత పడవకి ఆగండి. అందరూ ఒక పక్కకి జరగొద్దు. బైకులు, మేకలు, మనుషులు కలిసి ఎక్కొద్దు. అరటి బోదెల తెప్ప ఇంటి చుట్టూ నిలవ నీటిలో ఒక బిందె, ఒక బస్తా లాగడానికి పనికొస్తుంది. పాయ దాటడానికి ఎప్పటికీ పనికిరాదు.

చిక్కుకుపోతే 112 గానీ 1070 గానీ. ఫోనులో ముందు ఊరు పేరు, ఇంటి గుర్తు, ఎంతమంది, వాళ్లలో పిల్లలూ ముసలివాళ్లూ ఎంతమంది, అంతే చెప్పండి. ఏడుపు తర్వాత.

గట్టు మీద, బడిలో

మూడు రోజులు గట్టు మీద పరదా కింద ఉండాల్సి వస్తే ఆకలి కంటే ఆడవాళ్లకి కష్టం వేరే ఉంటుంది. మరుగు ఉండదు. 2006లో మేం చీకటి పడేదాకా ఆగేవాళ్లం. అందుకని నీళ్లు తాగడం మానేశాం. ఇద్దరు ముగ్గురికి మూత్రంలో మంట, జ్వరం. ఆ తర్వాత నుంచి మా ఊరివాళ్లం వెళ్లగానే చేసే మొదటి పని నాలుగు కర్రలు పాతి, రెండు పాత చీరలు చుట్టి, మంచినీళ్లు పెట్టుకున్నచోటికి దూరంగా ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి మరుగు కట్టడం. గొయ్యి తీసి, వెళ్లొచ్చిన ప్రతిసారీ మట్టి, సున్నం చల్లాలి. బయటికి వచ్చేదారిలోనే సబ్బు, నీళ్లు. పాత మెత్తటి గుడ్డలు, ప్యాడ్లు నా సంచిలో ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి, అడగడానికి మొహమాటపడే పిల్లలుంటారు.

నీళ్లు. గోదారి నీరు పటిక తిప్పినా, ఇండుపగింజ అరగదీసి కలిపినా తేటబడుతుంది. తేట నీరంటే మంచి నీరు అని మా అత్తగారి కాలంలో అనుకునేవాళ్లు, అక్కడే విరేచనాలు పట్టుకునేవి. తేటబడ్డాక గుడ్డతో వడపోసి, కళపెళ మరిగించి చల్లార్చాలి. పొయ్యికి వీల్లేకపోతే ఆరోగ్య సిబ్బంది ఇచ్చే క్లోరిన్ బిళ్ల వేసి, ఎన్ని లీటర్లకి ఎన్ని అనేది అట్ట మీద చూసి, అరగంట ఆగి తాగాలి. పిల్లలకి విరేచనాలైతే లీటరు కాచిన నీటిలో తలగొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టించండి. కళ్లు లోతుకి పోయినా, పిల్ల మగతగా ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి. పంచిన పులిహోర పొట్లం పొద్దున్నది రాత్రికి దాచొద్దు.

పాములు కూడా మనలాగే గట్టెక్కుతాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ మా దగ్గరున్నాయి. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. వీలైతే మంచం మీద, దోమతెర అంచు పరుపు కిందికి మడిచి పడుకోండి. కరిస్తే కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించొద్దు, మంత్రం దగ్గరికి తీసుకెళ్లి గంట పోగొట్టొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా కర్ర బద్దతో వదులుగా కట్టి, ఉంగరాలు, మెట్టెలు తీసేసి, నడిపించకుండా మోసుకెళ్లండి. విషానికి విరుగుడు ఇంజెక్షను ఆసుపత్రిలోనే ఉంటుంది.

నీరు దిగుతుంటే

అందరూ నీరు పూర్తిగా పోయాక కడుగుదాం అనుకుంటారు. ఒండ్రు ఆరిందంటే సిమెంటులా పట్టేస్తుంది, దాన్ని గోకడానికి వారం. నీరు ఇంట్లో పాదం లోతుకి దిగినప్పుడే, కరెంటు లేదని నిర్ధారించుకుని, చీపురుతో అడుగు కదిపి, దిగే నీటితోపాటే బురదని గుమ్మం దాటించెయ్యాలి. గోదారి తెచ్చిన బురదని గోదారి చేతే మోయించడం అనేవారు మా అత్తగారు. కాళ్లకి బూట్లు, చేతికి కర్ర ఉండాలి. ముందు గడప దగ్గర నిలబడి గ్యాసు వాసన చూడండి. చీపురు పట్టుకునే ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తియ్యండి, నష్టం రాసుకోడానికి వచ్చేవాళ్లకి కడిగిన ఇల్లు చూపిస్తే ఏమీ కనపడదు.

మట్టిగోడ నీళ్లలో ఉన్నన్నాళ్లు నిలబడి, ఎండ కాసిన రెండో మూడో రోజు కూలుతుంది. గోడ పక్కన మంచం వెయ్యొద్దు, పిల్లల్ని ఆడనివ్వొద్దు. కరెంటు లైన్‌మన్ చూశాకే. తడిసిన బియ్యం, పిండి ఎంత ప్రాణం ఒప్పకపోయినా పారెయ్యాలి. బ్లీచింగు చల్లి కడగండి గానీ మరుగుదొడ్డి యాసిడ్‌తో కలిపి పొయ్యొద్దు, రెండూ కలిస్తే వచ్చే గాలి ఊపిరి పట్టేస్తుంది. బురదలో పనిచేశాక పిక్కల నొప్పి, కళ్లెర్రబడి జ్వరం వస్తే ఎలుక జ్వరం కావచ్చు, మామూలు జ్వరం బిళ్లతో ఆగకండి. మన కోనసీమలో ఇంకొకటి, కొబ్బరి చిప్పలు. ప్రతి చిప్పలో గుక్కెడు నీరు, ప్రతి గుక్కెడులో వంద దోమలు. పెరట్లో చిప్పలన్నీ బోర్లించడం పిల్లలకి అప్పగించండి.

నూతి విషయంలో తొందర పడొద్దు. ముందు నీరంతా తోడించి, ఒరల లోపల తోమించి, పంచాయతీవాళ్లతో బ్లీచింగు ఎక్కువ మోతాదులో వేయించి, ఒక రాత్రంతా వాడకుండా వదిలేయాలి. మర్నాడు మళ్లీ తోడేయాలి. కొత్త ఊట వచ్చాక వేసేది మామూలు కొలత, 1000 లీటర్లకి 2.5 గ్రాములు. నూతిలో ఎన్ని లీటర్లున్నాయో ఇలా తెలుస్తుంది: నూతి వ్యాసాన్ని మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 785తో గుణించండి. మా నూతి వ్యాసం మీటరున్నర, నీరు మూడు మీటర్లు, అంటే సుమారు 5300 లీటర్లు, బ్లీచింగు 13 గ్రాములు. బకెట్‌లో కలిపి, అడుగున సున్నం పేరుకున్నాక పైతేట మాత్రమే నూతిలో దించి బాగా తిప్పి, గంట తర్వాత వాడాలి. ఆ నీరు పరీక్ష చేయించేదాకా తాగేది మరిగించే తాగండి.

ఇంత పనిలో ఒకటి మాత్రం మర్నాటికి వదలకండి. గోడ మీద, చెట్టు మీద నీరు నిలిచిన తడి గీత రెండు వానలకి చెరిగిపోతుంది. నీరు దిగిన రోజే తెల్ల పెయింటుతో దాని మీద గీత గియ్యండి. పక్కన తేదీ, ధవళేశ్వరంలో ఎన్ని లక్షలు, భద్రాచలంలో ఎన్ని అడుగులు, అక్కడ ఎక్కువైన ఎన్ని గంటలకి మీ దగ్గర ఎక్కువైంది, అమావాస్యకో పౌర్ణమికో ఎన్ని రోజులు ముందో వెనకో రాయండి. 2022 గాటు నేనే పెట్టాను. చెట్టు మీద అక్షరాలు నిలవవని, దాని వివరాలు వంటింటి తలుపు వెనక రాశాను. మా మనవరాలు అక్షరాలు కూడబలుక్కుని చదివిన మొదటి రాత అదే.